పన్నెండు మందే సరే, ఎన్ని పన్నెండ్లు?

పోయిన వారం ఒక యాత్రా సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఎప్పుడో వాళ్లతో ఒక ప్రయాణం చేశాను. అప్పటి నుంచి నా పేరు వాళ్ల జాబితాలో అతుక్కుపోయింది. చెట్ల వేళ్లు అల్లుకున్న ఒక పాత గోపురం, దాని పక్కన ఆవిర్లు కక్కుతున్న పసుపుపచ్చటి నేల, రెండింటి మధ్య లావుపాటి అక్షరాలు: "జనం ముంచెత్తక ముందే చూసి రండి. బృందానికి పన్నెండు మందే. ఇది మా మాట."

చూసి తీసిపారేయవలసిన ఉత్తరమే. కానీ ఆ పన్నెండు దగ్గర కళ్లు ఆగిపోయాయి. ఇదివరకు అచ్చం అదే అంకెను చూసి డబ్బు కట్టినదాన్ని మరి. జెండా ఎత్తి పట్టుకున్న గైడు వెనకాల నలభై మందితో పరుగెత్తే ఓపిక నాకు లేదు. అందుకని చిన్న బృందాలతో మూడు ప్రయాణాలు చేశాను. మూడూ బాగున్నాయి. వాటిని తిట్టడానికి కూర్చోలేదు. ఆ అంకె మీద మొదట్లో నాకున్న గురి ఎక్కడ సడలిందో చెప్పుకోవాలని ఉంది, అంతే.

ముందు ఒక చిన్న గుణకారం. ఐర్లండ్ నైరుతి తీరానికి అవతల, అట్లాంటిక్ సముద్రంలో స్కెలిగ్ మైకెల్ అనే దీవి ఉంది. నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన కొండ, ఆరు వందలకు పైగా రాతి మెట్లు, పైన రాళ్లు పేర్చి తేనెపట్టు ఆకారంలో కట్టుకున్న క్రైస్తవ సన్యాసుల గదులు. అక్కడ మనుషుల్ని దించాలంటే పడవకు లైసెన్సు ఉండాలి. పడవకు 12 మంది, లైసెన్సులు 15. రోజుకు 180 మంది. పడవలో కూర్చున్న మనకు మనం పన్నెండుగురమే. ఆ మెట్లకు మాత్రం నూట ఎనభై జతల కాళ్లు.

అక్కడ పడవకు ఎంతమందో, రోజుకు ఎంతమందో, రెండు అంకెలూ కాగితం మీద ఉన్నాయి. రెండోదాన్ని నిర్ణయించింది ఆ దీవిని కాపాడవలసినవాళ్లే. నాకు వచ్చిన ఉత్తరంలో మొదటి అంకె ఒక్కటే ఉంది. రెండోది అడగాలని ఇన్నాళ్లూ నాకూ తట్టలేదు.

గోడ ముందు కూర్చున్న పూట

చిన్న బృందం వల్ల ఒరిగేది ఏమీ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. నాకు బాంతే ఛ్మార్ గుర్తుకొస్తుంది.

కంబోడియా వాయవ్య మూలన, థాయ్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఆలయం అది. ఒకప్పుడు కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజు ఏడవ జయవర్మ కాలానిది. అంగ్‌కోర్‌లో మాదిరిగా తుడిచి, సర్ది, తాళ్లు కట్టి ఉండదు. కూలిన రాళ్లు చాలావరకు కూలినచోటే పడి ఉంటాయి. వాటి మీదుగా ఎక్కి దిగుతూ తిరగాలి. మేం తొమ్మిది మందిమి. వెంట వచ్చిన గైడు ఆ ఊరివాడే, యాభై దాటిన మనిషి. పడమటి గోడ దగ్గరకు తీసుకువెళ్లి ఆగాడు. అనేక చేతులతో నిలబడిన అవలోకితేశ్వరుడనే బోధిసత్త్వుడి ఉబ్బెత్తు శిల్పాలు రెండు అక్కడ ఉన్నాయి. పక్కన గోడ లేదు.

అది కాలం చేసిన పని అనుకున్నాను. 1998 చివర్లో సైనికులు చేసిన పనట. గోడను రాయి రాయిగా విప్పి లారీలకు ఎక్కించారు. 1999 జనవరిలో థాయ్ పోలీసులు ఒక లారీని ఆపితే అందులో 117 రాళ్లు దొరికాయి. అలా రెండు మూర్తులు తిరిగివచ్చి నామ్‌పెన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. ఇంకో రెండింటి జాడ లేదు.

మాలో ఒక పెద్దావిడ అడిగింది, "అప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా?"

అతను వెంటనే జవాబు చెప్పలేదు. ఒక రాయి మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. "నాకు అప్పుడు ఇరవై అయిదేళ్లు. రాత్రుళ్లు యంత్రాల మోత వినిపించేది. పొద్దున లేచి ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం. చేతుల్లో తుపాకులున్నవాళ్లను ఏమని అడుగుతామండీ?" అని మళ్లీ ఊరుకున్నాడు. ఆ పూట అక్కడే నలభై నిమిషాలు గడిచాయి. తరువాత చూడవలసిన ఒక ద్వారం తప్పిపోయింది. ఎవరూ అడగలేదు.

నలభై మంది ఉంటే ఆ ప్రశ్న పుట్టదు. పుట్టినా మైకులో అడగరు. అడిగినా అతను చెప్పడు. మనుషుల సంఖ్యకూ, ఒక మనిషి మనసు విప్పడానికీ సంబంధం ఉంది. ఆ మాట వరకు ఆ పన్నెండు అబద్ధం చెప్పడం లేదు.

రెండు రోజుల తరువాత అదే ప్రయాణంలో కోకేర్ వెళ్లాం. పదో శతాబ్దంలో కొద్ది ఏళ్లు మాత్రమే ఖ్మేర్ రాజధానిగా వెలిగిన చోటు. అడవి మధ్యలో ఏడంతస్తుల రాతి పిరమిడ్, పైకి చెక్క మెట్లు. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మా వ్యాను ఆగేసరికి అక్కడ ఇంకో రెండు వ్యాన్లున్నాయి. మేం పైకి ఎక్కేసరికి ఇంకో రెండు వచ్చాయి. అయిదు బృందాలు, అన్నీ చిన్నవే. పిరమిడ్ పైన ఒక బృందం ఫోటోలోంచి ఇంకో బృందం తప్పుకోవాలని అందరూ ఓపిగ్గా, మర్యాదగా నిలబడి ఉన్నారు. మాతో వచ్చిన ఒకాయన నా చెవి దగ్గరకు వంగి, "ఈ టూరిస్టులు ఎప్పుడు దిగుతారో" అన్నాడు. నవ్వాపుకోలేక కిందికి చూశాను. మెట్ల దగ్గర నిలబడినవాళ్లు మావైపు సరిగ్గా అదే ముఖంతో చూస్తున్నారు.

పైనుంచి తలలు లెక్కపెట్టాను. యాభై ఒక్క మంది. ఏ బృందమూ పన్నెండు దాటలేదు. అందరూ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నవాళ్లే.

ఏది ముందు నిండితే అది

గలపాగోస్ దీవుల్లో పార్కు దారుల మీద నడవాలంటే గైడు ఉండాలి, ఒక గైడు వెంట 16 మందికి మించకూడదు. ఒకే పడవ రెండు వారాల లోపల ఒకే చోటికి రెండోసారి రాకూడదన్న నియమం కూడా ఉంది. చాలా ముందుచూపున్న ఏర్పాట్లు ఇవి. అయినా 1970ల చివర్లో ఏడాదికి పన్నెండు వేల దరిదాపుల్లో ఉన్న సందర్శకులు 2023లో మూడు లక్షలు దాటారు. పదహారు పదహారుగానే ఉంది. దాని వెనక నిలబడ్డ వరుస పెరిగింది. పైగా ఆ పెరిగినవాళ్లలో ఎక్కువమంది పడవల్లో కాకుండా దీవుల మీదే గదులు తీసుకుని ఉంటున్నారు. వాళ్లకు నీళ్లు కావాలి, మురుగు పోవాలి, సరుకులు ఓడల్లోనూ విమానాల్లోనూ రావాలి. ఆ సరుకుల్లో దాక్కుని కొత్త పురుగులు, కలుపు విత్తనాలు దిగుతాయి. దారి మీద తాబేలుకు రెండు మీటర్ల దూరంలో నిలబడి గుసగుసగా మాట్లాడుకునే ఆ పదహారు మంది చూపుకు ఇవేవీ ఆనవు.

దీనికి భిన్నంగా, అమెరికాలో ఆరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దు దగ్గర 'ద వేవ్' అనే చోటుంది. ఎర్రటి ఇసుకరాయి అలల్లా మెలికలు తిరిగి గడ్డకట్టిన లోయ. అక్కడికి చాలా ఏళ్లపాటు రోజుకు 20 మందినే పంపేవారు, లాటరీ తీసి. 2021లో దాన్ని 64కు పెంచారు. నాకు నచ్చినది ఆ నియమం రాసిన తీరు: 64 మంది, లేదా 16 బృందాలు, ఏది ముందు నిండితే అక్కడితో ఆ రోజుకు సరి. బృందంలో ఆరుగురికి మించకూడదు. మనుషులు, బృందాలు, బృందంలో మనుషులు, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ఆ నియమం రాసిన గుమాస్తా ఎవరో గానీ, వాళ్లకు మన యాత్రా సంస్థల ప్రకటనలు రాసే పని అప్పగించాలి.

అంటార్కిటికాలోనూ ఇటువంటిదే ఉంది. 500 మంది ప్రయాణికులు దాటిన ఓడ ఎవరినీ ఒడ్డున దించకూడదు. ఒకచోట ఒకసారికి ఒక్క ఓడే. ఒడ్డున ఏకకాలంలో 100 మందే. ఒక బృందానికి ఇంకో బృందం కంటబడకుండా ఓడలవాళ్లు ముందే సమయాలు పంచుకుంటారు. ఒంటరిగా ఉన్నామన్న భావన కూడా అక్కడ పట్టిక వేసి ఇచ్చేదే. నాకది తప్పుగా తోచదు. కనీసం ఎవరో పట్టిక వేస్తున్నారు.

ఇక లెక్కలోకి రానివాళ్ల సంగతి. వియత్నాంలోని సొన్‌డూంగ్ ప్రపంచంలోకెల్లా పెద్ద గుహ. ఏడాదికి వెయ్యి మందికే ప్రవేశం, బృందానికి పది మంది, మొత్తం మూడు రాత్రుల ప్రయాణం. పది మంది అంటే మన మనసులో ఏ బొమ్మ మెదులుతుంది? చేతిలో దీపాలతో, భుజాన సంచులతో ఓ పది మంది చీకట్లోకి నడిచిపోవడం. నిజానికి వాళ్ల వెంట గుడారాలు, వంట సామాను, తాళ్లు మోసే మనుషులు, వంటవాళ్లు, రక్షణ సిబ్బంది కలిపి అంతకు రెండింతల పైన ఉంటారు. పది అన్నది డబ్బు కట్టినవాళ్ల సంఖ్య. గుహలోకి వెళ్లే ఊపిరితిత్తుల సంఖ్య వేరు.

ఈ మాట అంటూనే ఇంకో మాట కూడా అనాలి. ఆ మోసేవాళ్లలో చాలామంది ఒకప్పుడు అదే అడవిలో దొంగకలప కొట్టి, వేటాడి బతికినవాళ్లు. ఆ గుహ నోరు మొదట చూసింది కూడా అటువంటి అడవి మనిషే: హో ఖాన్ అనే స్థానికుడు 1990 ప్రాంతంలో వాన నుంచి తలదాచుకోబోయి చూశాడు, దారి మరిచిపోయాడు, ఏళ్ల తరువాత మళ్లీ వెతికి పట్టుకున్నాడు, 2009లో బ్రిటిష్ గుహాన్వేషకులను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆ మోసేవాళ్లకు ఇప్పుడు అడవిని కాపాడితేనే జీతం. పది మంది కోసం ఇరవై మందా అని వెక్కిరించడం తేలిక. ఆ ఇరవై మందిని అడిగితే ఇంకో ఇరవై మందిని పెట్టుకోమంటారేమో.

పెద్ద బస్సు పక్షాన

ఇక్కడ నాకు నేనే అడ్డుపడాలి. నలభై మంది బస్సు ఒక్కసారి వస్తుంది. గంట సేపుండి, కట్టిన దారి మీద నడిచి, గైడు గొంతు వినబడే దూరంలోనే తిరిగి వెళ్లిపోతుంది. అదే నలభై మంది నాలుగు వ్యాన్లలో వస్తే పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ చోటుకు విరామం ఉండదు. పైగా చిన్న బృందానికి ఇంకో జబ్బుంది. కట్టిన దారి మీద నడవడం నామోషీ. "అందరూ అటు వెళ్తారు, మనం ఇటు వెళ్దాం" అన్న మాట మీదే దాని బతుకుతెరువు.

ఆ ఇటు ఏముంటుంది? 'ద వేవ్' ఉన్న అదే కొలరాడో పీఠభూమి ఎడారిలో నేల మీద నల్లగా, గరుకుగా ఒక పొర కనబడుతుంది. చూడటానికి మాడిన మట్టిలా ఉంటుంది. అది ప్రాణమున్న పొర: సూక్ష్మజీవులు, నాచు, లైకెన్లు ఇసుక రేణువుల్ని అల్లిపట్టి గాలికి కొట్టుకుపోకుండా ఆపుతాయి. బూటు కింద పడితే కరకరమని విరుగుతుంది. మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అక్కడ ఒక్క మనిషి కూడా ఎక్కువే, వాడు దారి తప్పి నడిస్తే.

ఒక్క మనిషి అంటే ఫెర్లీని గుర్తుకొస్తాడు. సూడాన్‌లో మెరోయె అనే చోట కుష్ రాజ్యపు పిరమిడ్లు వరుసగా ఉంటాయి, చాలావాటికి పై మొనలు ఉండవు. 1834లో జుసెప్పె ఫెర్లీని అనే ఇటలీ వైద్యుడు నిధి కోసం వాటిని కూలగొట్టించాడు. అమానిషఖేతో రాణి పిరమిడ్‌లో నగలు దొరికాయి కూడా. ఆఫ్రికాలో అంత నాజూకైన పని ఎవరు చేస్తారని యూరప్‌లో కొనేవాళ్లు మొదట నమ్మలేదు. చివరకు అవి మ్యూనిక్, బెర్లిన్ చేరాయి. అంతగా పేరు లేని శిథిలాలకు, రద్దీ లేని కాలంలో వెళ్లిన యాత్రికుడు. ఇటువంటి ప్రకటనలు కోరే అర్హతలన్నీ ఉన్నాయి.

అయితే అసలు ఎవరూ వెళ్లకుంటే మేలా? కొన్నాళ్లు అదే అనుకున్నాను. బాంతే ఛ్మార్ గోడ ఆ మాటను నిలవనివ్వలేదు. ఆ గోడను విప్పుతున్న రాత్రుల్లో అక్కడ టూరిస్టు ఒక్కడు లేడు. ఊళ్లో ఒక గది అద్దెకు దిగిన పరాయి మనిషి, చేతిలో కెమెరా, తిరిగి వెళ్లి నలుగురికి చెప్పే నోరు ఉంటే లారీలు రాకపోయేవని చెప్పలేను గానీ, అంత నింపాదిగా వచ్చేవి కావు. ఇప్పుడు ఆ ఊరివాళ్లే సంఘంగా ఏర్పడి ఇళ్లలో గదులిస్తున్నారు, గైడులుగా నడుస్తున్నారు.

పసిఫిక్‌లో నాన్ మదోల్ సంగతి ఇంకో రకం. పోన్‌పెయి దీవి అంచున, పగడపు దిబ్బల మీద, బసాల్ట్ స్తంభాలను దుంగల్లా అడ్డదిడ్డంగా పేర్చి కట్టిన రాతి దీవులు, వందకు దగ్గరగా ఉంటాయి. 2016లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అదే రోజు ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ చేరింది. కారణం జనం కారు. కాలువలు పూడిపోతున్నాయి, మడచెట్లు వేళ్లతో గోడల్ని నెట్టుతున్నాయి. అక్కడికి ఎవరూ పెద్దగా రారు. మడచెట్టుకు ఆ సంగతి పట్టదు.

పెరూలోని క్వేలాప్‌లో జనమూ, నిర్లక్ష్యమూ రెండూ కలిశాయి. అండీస్ పర్వతాల్లో మూడు వేల మీటర్ల ఎత్తున చచపోయ ప్రజలు కట్టిన కోట, ఇరవై మీటర్ల దాకా లేచే గోడలు. కొండదారిలో గంటన్నర పట్టే ప్రయాణం 2017లో కేబుల్ కారు రాగానే ఇరవై నిమిషాలైంది. జనం పెరిగారు. 2022 ఏప్రిల్‌లో వానలకు గోడలో ఒక భాగం కూలింది. కోట మూసేశారు, మరుసటి ఏడాది కొంత భాగం తెరిచారు. గోడ కూల్చింది జనం కాదు, లోపలికి దిగిన నీళ్లు. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు తోచింది ఇది: పైకి చేరే దారికి డబ్బు దొరికింది, పైన ఉన్న గోడలోంచి నీళ్లు బయటికి పోయే దారికి దొరకలేదు. అదే దేశంలో చోకెకిరావ్‌కు ఇప్పటికీ రెండు రోజులు నడిచి వెళ్లాలి. అక్కడా కేబుల్ కారు మాట ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది.

ఎవరికి తెలియని చోటు

ఇటువంటి ప్రకటనల్లో కనబడే "ఎవరికీ తెలియని" అన్న విశేషణం మీద నాకు వేరే కోపం ఉంది. అది ఇక్కడే తీర్చుకుంటాను.

తుర్కియే ఆగ్నేయంలో గోబెక్లి తెపె గుట్టను 1963లో పరిశోధకులు చూశారు. పైకి తేలిన సున్నపురాళ్లను మధ్యయుగపు సమాధిరాళ్లు అనుకుని వెళ్లిపోయారు. ముప్ఫై ఏళ్ల తరువాత క్లౌస్ ష్మిట్ వచ్చి, అవి పదకొండు వేల ఏళ్ల నాటి స్తంభాల తలలని గుర్తించాడు. ఈ మధ్యకాలమంతా అక్కడ రైతులు దున్నుకుంటూనే ఉన్నారు, నాగలికి అడ్డం వచ్చిన రాళ్లను పక్కన పేరుస్తూనే ఉన్నారు. ఆ గుట్ట తెలియనిది వాళ్లకు కాదు. ఏమిటో తెలియనిది మాత్రం అందరికీ. ఈ రెండు రకాల తెలియకపోవడాన్నీ ఒకే మాటలో కుక్కడం ప్రకటనలవాళ్లకే చెల్లింది.

కొలంబియాలో 'పోయిన నగరం' అని పేరు పెట్టుకున్న స్యుదాద్ పెర్దీదా ఇంకా మంచి ఉదాహరణ. 1970ల మొదట్లో నిధి దొంగలకు దొరికింది, 1976లో పురావస్తు శాఖకు తెలిసింది. సియెర్రా నెవాదా కొండల్లోని ఆదివాసులకు దాని పేరు తెయునా, వాళ్లకు అది ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు ప్రతి సెప్టెంబరులోనూ ఆ చోటు యాత్రికులకు మూతపడుతుంది. పెద్దలు వచ్చి శుద్ధి చేసుకుంటారు. నేను చదివిన నియమాలన్నిటిలో నాకు ఇది అన్నిటికంటే సూటిగా కనబడింది: ఎంతమంది అన్న చర్చే లేదు, ఈ నెల ఎవరూ వద్దు.

"జనం ముంచెత్తక ముందే" అన్న మాట ఏం చేస్తుందో ఆస్ట్రేలియాలో ఉలురు దగ్గర తేలింది. ఆ ఎర్రరాయి అనంగు ప్రజలకు పవిత్రం, ఎక్కవద్దని ఎన్నో ఏళ్లుగా బోర్డు పెట్టి మరీ అడుగుతూ వచ్చారు. 2019 అక్టోబరు 26 నుంచి ఎక్కడం నిషేధమని రెండేళ్ల ముందే ప్రకటించారు. అంతకుముందు ఏళ్లలో ఎక్కేవాళ్లు బాగా తగ్గారు. ఆ తేదీ దగ్గర పడేసరికి చీమల బారులా వరుస కట్టారు. 'ముందే' అన్న మాటకున్న బలం అది.

ఊపిరి లెక్క

చోటే లెక్కపెట్టడం అంటే ఏమిటో చూడాలంటే గుహచిత్రాల దగ్గరకు వెళ్లాలి. ఫ్రాన్స్‌లో లాస్కో గుహను 1948లో జనానికి తెరిచారు. 1950ల నడిమికి రోజుకు 1,200 మంది. ఎవరూ బొమ్మల మీద చెయ్యి వేయలేదు. ఊపిరి పీల్చి వదిలారు, అంతే. బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, తేమ, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చటి నాచు పట్టించాయి. 1963లో మూసేశారు. ఇప్పుడు చూసేది నకలు.

స్పెయిన్‌లో అల్తమీరాదీ ఇంచుమించు ఇదే కథ: మూయడం, కొద్దిగా తెరవడం, 2002లో మళ్లీ మూయడం. 2014లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. వారానికి అయిదుగురు, 37 నిమిషాలు. ఆ రోజు మ్యూజియంకు వచ్చినవాళ్లలోంచి చీటీ తీసి ఎంపిక చేసేవారు. ఒంటి నిండా తొడుగులు, ముఖానికి మాస్కు. వాళ్లు బయటికి వచ్చాక లోపలి గాలి, వేడి, తేమ ఎంత మారాయో కొలిచేవారు. అయిదు అన్న అంకె ఎవరి ఇష్టం మీదా పుట్టలేదు, గోడ ఎంత ఊపిరి ఓర్చుకుంటుందో అడిగి పెట్టిన అంకె. అది కూడా ఎక్కువేనని వాదించిన శాస్త్రజ్ఞులున్నారు.

పరిమితి పెట్టడం ఒక ఎత్తు. ఆ పరిమితిలోపల ఎవరు వెళ్లాలన్నది ఇంకో ఎత్తు. సొన్‌డూంగ్ వెయ్యి మందిని మూడు వేల డాలర్ల ధర ఎంచుతుంది. వేవ్‌కు వెళ్లేవాళ్లను చీటీ ఎంచుతుంది, ఆ ప్రయోగంలో అల్తమీరాకు వెళ్లినవాళ్లనూ చీటీయే ఎంచింది. చీటీ పక్షానే నేను. డబ్బుతో ఎంచితే ఆ చోటు మెల్లగా డబ్బున్నవాళ్ల గొప్ప చెప్పుకునే వస్తువవుతుంది. కానీ చీటీ తీస్తే ఆ మోసే ఇరవై మందికి జీతం ఎక్కడి నుంచి వస్తుందని మీరు అడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు. మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను, ఇంకా లేదు.

ఈ వ్యాసంలో పేర్లు రాయాలా వద్దా అని కూడా తటపటాయించాను. బాంతే ఛ్మార్ పేరు రాసి, జనం రావద్దని ఎలా అంటాను? నిజానికి రావద్దని అనడం లేదు. ఆ గైడుకు వచ్చే నెల కూడా పని ఉండాలి. రాళ్ల మీద దుముకుతూ తిరగకుండా, గోడ ముందు కాసేపు కూర్చోగలిగినవాళ్లు వస్తే బాగుండునని మాత్రం ఉంది. అది ఏ ప్రకటనలోనూ పెట్టగలిగిన షరతు కాదు.

ఈమెయిల్‌కు జవాబు రాశాను. "మీరు వెళ్లే రోజున అదే చోటికి ఇంకెన్ని బృందాలు వస్తాయి? ఆ చోటికి రోజువారీ పరిమితి ఉందా? ఉంటే ఎవరు పెట్టారు?" వాళ్లను ఇరకాటంలో పెట్టాలని కాదు. పక్క సంస్థ వ్యాన్ల మీద వాళ్లకు అధికారం లేదని నాకూ తెలుసు. కానీ పరిమితి ఉన్న చోట్లనే ఎంచుకోవడం వాళ్ల చేతుల్లోని పనే కదా. రెండు రోజులకు జవాబు వచ్చింది: "మా బృందంలో మాత్రం పన్నెండు మందే ఉంటారు, నిశ్చింతగా ఉండండి."

నేను ఇంకో చోట చీటీ వేశాను. ఐర్లండ్‌లో న్యూగ్రాంజ్ అనే అయిదు వేల ఏళ్ల నాటి సమాధి గుట్ట ఉంది. ఏడాదిలో పగలు అతి చిన్నదైన ఆ నాలుగైదు రోజుల్లో మాత్రం, పొద్దున సూర్యుడి వెలుగు ద్వారం పైనున్న సందులోంచి దూరి, సన్నటి సొరంగం వెంట పాకి, లోపలి గది నేలను తాకుతుంది. పదిహేడు నిమిషాలు ఉంటుంది. అక్కడ తవ్వకాలు జరిపిన మైకెల్ ఓకెల్లీకి చుట్టుపక్కలవాళ్లు ఇటువంటిది జరుగుతుందని చెబుతూ ఉండేవారు. 1967 డిసెంబరు 21న తెల్లవారకముందే వెళ్లి, ఆ చీకట్లో ఒక్కడే కూర్చుని చూశాడు. ఇప్పుడు ఆ గదిలో పట్టే కొద్దిమంది కోసం వేలమంది పేర్లు పంపుతారు. స్థానిక బడిపిల్లలు చీట్లు తీయడం అక్కడి ఆనవాయితీ.

రెండుసార్లు పంపాను, రాలేదు. ఈసారీ పంపానని అక్కకు చెబితే, "పేరు వచ్చి, తీరా వెళ్లాక ఆ పొద్దున మబ్బు పట్టిందనుకో?" అంది. చాలాసార్లు అలాగే జరుగుతుందట. పేరు వచ్చినవాళ్లు లోపల చీకట్లో నిలబడి, ఏమీ కనబడకుండానే బయటికి వస్తారట.

"పట్టనీ," అన్నాను.